వంశధారలో పదకొండు మంది

*నరసన్నపేట. శనివారం సాయంత్రం, అయిదుకి పది నిమిషాలుంది. వంటింటి గుమ్మం దగ్గర లెక్కల మాస్టారు రమేష్‌బాబు, శృంగవరపుకోట నుంచి వచ్చి ఉంటున్న, ఆయన 'అప్పా' అని పిలిచే అక్క జగ్గమ్మ. ముందుగదిలో టీవీ ముందు ఆయన కూతురు, ఏడేళ్ళ శ్రావణి.*

"గురువారం అన్నావు. గురువారం ఎన్ని గంటలకి?"

"గంటలేటిరా! నువ్వు ఇస్కూలుకి ఎల్లినాక. మన శ్రావణి గుంటని ఆటో ఎక్కించీసినాక."

"టీవీ బల్ల మీదున్న పుస్తకమేనా? నీలం అట్టది?"

"నీలమే. దాని పక్కనొక గుడ్డసంచి. ఇప్పి సూసినాను. పదకొండు సింతపిక్కలు, పదకొండు గవ్వలు. రెండుసార్లు లెక్కెట్టినాను, ఎక్కువా నేదు, తక్కువా నేదు. నువ్వే సెప్పు, సంసారమైన ఇంట్లో ఎవులైనా పదకొండు పిక్కలు, పదకొండు గవ్వలు దాసుకుంతారేటి?"

"ఎక్కడ పారేశావప్పా?"

"పారీనేదు. నీల్లలో ఒగ్గినాను. పారీడానికీ ఒగ్గడానికీ తేడా నేదేటి?"

"ఎక్కడ?"

"మడపాం వంతెనకాడ. వంశధారలో. ఎర్రగుడ్డలో సుట్టి, రాయి కట్టి ఒగ్గీసి, యెనక్కి సూడకండా వచ్చీసినాను."

"రాయి కూడా కట్టావు."

"కట్టకపోతే తేలి మల్లీ వచ్చీదేమోనని."

"వస్తుంది. రెండొందల పేజీల రూళ్ళ పుస్తకం నీళ్ళలోంచి లేచి, వంతెనెక్కి, హైవే దాటి, బస్సెక్కి నరసన్నపేట బజారులో దిగుతుంది."

"యెటకారం సెయ్యకు. నీకన్నా పన్నెండేల్లు పెద్దదాన్ని."

"అందుకే నెమ్మదిగా అడుగుతున్నాను."

"నాన్నా! ఆటగాళ్ళు వరసలో నిలబడ్డారు. పుస్తకం దొరికిందా?"

"చూస్తున్నానమ్మా."

"బేగి రా. పిక్కలు కూడా తే. మనవాళ్ళు ఇవాళ ఎరుపు కాదు, తెలుపు వేసుకున్నారు."

"వస్తాను."

"సూస్తన్నానంతావేటి దాంతో? అబద్దం నేరిపిస్తన్నావా? అత్త నీల్లలో ఒగ్గీసినాదని సెప్పీ. నాకేటి బయమా?"

"చెబుతాను. ముందు నాకు నువ్వు చెప్పడం అవనీ. ఎవరు పారెయ్యమన్నారు?"

"ఎవులో ఎందుకు సెప్తారు? నాకే అనుమానమేసింది."

"అప్పా."

"ఏటి?"

"ఎర్రగుడ్డ, రాయి, వెనక్కి చూడకపోవడం. ఇవి నీ తెలివితేటలు కావు. ఎవరు?"

"అప్పలసూరి."

"ఏ అప్పలసూరి? మార్కెట్ వెనక తాయెత్తులు కట్టేవాడా?"

"తాయెత్తులోడని తేలిగ్గా తీసీకు. సిల్లంగి, సేతబడి తీసీడంలో ఈ సుట్టుపక్కల ఆడి తరవాతే ఎవులైనా. పుస్తకం సూసీసరికి ఆడి మొకం నల్లబడిపోనాది. 'అమ్మా, ఇది మన దేశపుది కాదు, మలయాళపు యంత్రం' అన్నాడు."

"మలయాళపు యంత్రం."

"అవును."

"వాడు నా దగ్గర ఏడో తరగతి రెండుసార్లు చదివాడు. చతురస్రం గియ్యమంటే మూడు గీతలు గీసి, నాలుగోది కనపడట్లేదా మాస్టారూ అనేవాడు. వాడు చూసి మలయాళం అని తేల్చాడు. చదివాడా లోపల రాసింది? తెలుగు అక్షరాలు వాడికి వచ్చు. నేనే నేర్పాను."

"సదవనేదు. సదివితే కల్లు పోతాయన్నాడు."

"బాగుంది. చదవడం రాదు అనడానికి ఇంత గౌరవమైన దారి ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఏం తీసుకున్నాడు?"

"కోడిపెట్టని."

"పెట్టకి తెలివి ఉండుంటే వాణ్ణే తినేది."

"ఒరే, సాలు. ఆడిని తిడతావు, నన్ను తిడతావు, ఆ పోయిన మీ ఆవిడిని మాత్రం ఒక్క మాటనవు. తొలీతే ఈ పెల్లి నాకు ఇష్టం నేదు. పెద్దోల్లు మనూరోల్లే గానీ, పిల్ల పుట్టినాది ఖరగపూర్లో. రైల్వే కోట్రసులో. అక్కడ పుట్టినోల్లు ఎవులైనా సగం బెంగాలీలే. సేప తినడం, బంతాట సూడ్డం."

"అనూరాధ చేప తినేది కాదు."

"బంతాట సూసేది కదా! ఆడది! వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రగతం కడిగించుకోని వచ్చీ మనిసి, మంచం మీద పడుకోకండా, గుంటని పక్కనెట్టుకోని ఆ అరుపులేటిరా? నాను కల్లారా సూసినాను. నిలబడ్డానికి ఓపిక నేదు గానీ 'గోలో' అని మంచం మీద లేచి గెంతినాది. గుంట దాని మెడకి ఏలాడతన్నాది. అది ఆవిడి ఓపికేటి? వొంట్లో ఇంకేదో ఉన్నాది. నాకప్పుడే తెలిసిపోనాది."

"ఏం తెలిసింది?"

"ఏదో పట్టింది అని."

"చదువు లేనివాళ్ళ మాట."

"ఏటి? సదువు నేనోల్ల మాటా?"

"అవును. ఒక మనిషికి ఒక ఆట ఇష్టమైతే దయ్యం పట్టినట్టు. వీధిలో నలుగురు పేకాడితే అది కాలక్షేపం. ఇంట్లో ఒక ఆడమనిషి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫుట్‌బాల్ చూస్తే చిల్లంగి. నీకూ అప్పలసూరికీ సరిపోయింది."

"ఆ మాట ఎవులిదిరా?"

"ఏ మాట?"

"'పట్టింది' అన్న మాట. ఎవులిది? దసరాలకి ఫోన్ సేసి ఏటన్నావు? 'అప్పా, దీనికేదో పట్టింది, పిల్లకి కూడా పట్టిస్తంది' అన్నావా నేదా?"

"అది..."

"అన్నావా, నేదా?"

"మాటవరసకి అన్నాను."

"మాటవరసకి! మేస్టారు మాటవరసకి అంటారేటి? నువ్వు అన్నావంటే నాకు అది రాసిన మాట. నువ్వు సెప్పిన కాన్నుంచే నాను గుండెలు బాదుకుంతన్నాను. ఇంకా ఏటన్నావు? 'తొంబై నిమిసాలు పరిగెత్తి, ఆకరికి జవాబు సున్నా సున్నా. నా కళాసులోనైతే బెంచీ ఎక్కిస్తాను' అన్నావు. నానూ నవ్వినాను. ఇప్పుడు నాకు సదువు నేదా?"

"ఆ మాట అన్నప్పుడు అనూరాధ పక్కనే ఉంది."

"ఇంటాదనే గదా అన్నావు."

"నాన్నా! అయ్యో, మొదలైపోయింది! పిక్కలు లేకండానే మొదలైపోయింది!"

"నువ్వు చూస్తూ ఉండు, చిట్టీ. నేను వచ్చేస్తాను."

"ఒక్కదాన్నే చూస్తే ఎవరికి చెప్పను?"

"ఇన్నావా దాని మాట? సచ్చిపోయినోల్ల బట్ట ఒంటిమీద ఏసుకోని కూకున్నాది. మోకాల్ల కిందకి ఉన్నాది ఆ సొక్కా. పన్నెండో రోజే దానం ఇచ్చీవలసింది. నువ్వే అడ్డం పడ్డావు."

"అది వాళ్ళమ్మ చొక్కా."

"సొక్కా సంగతి ఒగ్గీ. రేపు పొద్దున్న బస్సుకి గుంటని నాతో తోలీ. ఎస్. కోటలో మా ఇంటికాడ దాని ఈడు పిల్లలు ముగ్గురున్నారు. నువ్వూ సరేనన్నావు."

"అన్నాను."

"మల్లీ ఆ నసుగుడేటి? నిన్న సూసినాను మీ ఇద్దర్నీ. ఎదురూబొదురూ కూకోని అన్నాలు తిన్నారు. 'కూరెయ్యనా?' 'వద్దు.' 'పెరుగు?' 'వద్దు.' అంతే, బోజనం అయిపోనాది. కోర్టులో జడ్జీకీ దొంగకీ మద్దిన కూడా ఇంకో నాలుగు మాటలు ఉంటాయి. ఆవిడున్నప్పుడు తల్లీకూతుల్లిద్దరూ నోరు మూసేవోరు కాదు. నువ్వేమో దాంతో ఏటి మాటాడతావు? పదమూడో ఎక్కమా?"

"పదమూడో ఎక్కం వచ్చేసింది దానికి."

"మరింకేటి, అయిపోనాయి నీ మాటలు."

"ఆ పుస్తకంలో మొదటి పేజీలో ఏముంది?"

"ఏటి?"

"పుస్తకం తెరిచి చూశావు కదా. మొదటి పేజీలో ఏముంది?"

"ఇప్పుడు అది ఎందుకు?"

"ఏం నీళ్ళపాలు చేశావో నీ నోటితో చెప్పు."

"పోలీసోడివా?"

"చెప్పు."

"పెద్ద పలకలాగ గీత. నడిమద్దిన సున్నా. సున్నాలో సుక్క. ఆ కొసా ఈ కొసా రెండు గుమ్మాలు. మొదట ముగ్గనుకున్నాను. ముగ్గయితే సుక్కలు కలుపుతాం గదా. ఇక్కడ కలపనేదు, ఒగ్గీసినారు."

"అది మైదానం."

"నాకేటి తెలుసు?"

"తర్వాత పేజీ?"

"నాలుగు సుక్కలు ఒక వరస. దాని ముందు మల్లీ నాలుగు. ఆ ముందర రెండు. యెనకాల గుమ్మం కాడ ఒక్కడు, కాపలా ఉన్నట్టు."

"పదకొండు."

"అదే గదా నానూ సెప్తన్నాను. పిక్కలూ పదకొండే, గవ్వలూ పదకొండే. ఒక్కో సుక్క పక్కన ఒక్కో పేరు. పదకొండు పేర్లు రాసి పూజ సేసి..."

"పక్కన ఏం రాసుంది? పేర్లేనా, ఇంకేమైనా ఉందా?"

"నాకు అచ్చరాలొస్తే నీ దగ్గర ఈ మాటలెందుకు పడతాను? సన్నగా సీమలబారులాగ ఉన్నాది. గుంటదీ ఉన్నాది అందులో, వంకర్లు పోయి."

"తర్వాత?"

"తరవాత పేజీలో సూడు. ఒక అడ్డగీత. అందరూ గీతకి ఇవతలున్నారు. ఒక్కడు గీత దాటి అవతల నిల్చున్నాడు. ఆడి మీద ఎర్రటి ఇంటూ. 'గీత దాటినోడు సచ్చిపోతాడని అర్దం' అన్నాడు అప్పలసూరి."

"చావడు."

"మరేటవుతాడు?"

"ఏదో తప్పు. దానికొక పేరుంది. ఈల వేస్తారు."

"ఈలకి ఎర్ర ఇంటూ ఎందుకురా?"

"తర్వాత పేజీ చెప్పు."

"ఇంకో పేజీలో రెండే గడులు. ఒకటి పసుపు రంగు, దాని కింద ఎర్రటిది. పసుపూ, కుంకం. తనకి తానే రాసుకున్నాది సూడు. పసుపుకుంకాలతో పోతానని రాసుకోని, అలాగే పోనాది. నాకు ఏడుపొచ్చీసింది అక్కడ. ఎంత కోపమున్నా మరదలే గదా."

"అవి కార్డులప్పా. ఆటలో తప్పు చేసినవాడికి రిఫరీ జేబులోంచి తీసి చూపిస్తాడు. పసుపు చూపిస్తే బెదిరింపు, ఎరుపు చూపిస్తే బయటికి. అదొక్కటి తెలుసు నాకు. పాప నాకు రోజూ చూపించేది. సాంబార్లో ఉప్పెక్కువైందంటే పసుపు. అనూరాధతో గట్టిగా మాట్లాడితే పసుపు."

"ఎర్రది సూపించిందా?"

"ఒకసారి."

"ఎందుకు?"

"సున్నా సున్నా అని నవ్వినప్పుడు."

"మంచిపని సేసింది."

"తర్వాత?"

"మద్దిన సాలా పేజీలున్నాయి, బాణాలూ, వంకర గీతలూ. నాను తిప్పీసినాను. ఆకరి పేజీ కాడ ఆగిపోనాను. అది సూడకపోతే నాను అప్పలసూరి గుమ్మం తొక్కీదాన్నే కాదు. ఒట్టు."

"ఏముంది?"

"నువ్వున్నావు."

"నేనా?"

"నువ్వే. కల్లజోడు. ముందర బట్టతల. సొక్కా లోపలికి దోపి. మీ ఇస్కూలు గుంటలు గోడమీద గీస్తారే, అచ్చం అలగ. పక్కన రెండు జడలతో సిన్న గుంట. ఎదర టీవీ. నీ సుట్టూ గుండ్రంగా గీత గీసి, నీ మీదకి బాణం ఏసున్నాది. ముందు పేజీల్లో గీత దాటినోడికి ఇంటూ ఎట్టినారు గదా. ఇప్పుడు నీ సుట్టూ గీత. ఆవిడ ఎల్లిపోనాది, తరవాతోడివి నువ్వు అని రాసున్నాదనుకున్నాను. నాకున్నది ఒక్క తమ్ముడివి. అమ్మ పోతా పోతా నిన్ను నా సేతిలో ఎట్టి పోనాది. కోడిపెట్టేటి, ఆడు మేకని అడిగినా ఇచ్చీదాన్ని. ఏటి అలగ సూస్తావు? తప్పు సేసినానని అంతావా? అను. అదే పుస్తకం ఇప్పుడు కనిపించినా మల్లీ ఒగ్గీసి వస్తాను."

"అందులో అనూరాధ బొమ్మ ఉందా?"

"నేదు. మీ ఇద్దరే."

"సరిగ్గా చూశావా?"

"సూసినాను. మీ ఇద్దరే ఉన్నారు. ఆవిడ నేదు."

"కింద ఏమైనా రాసుందా?"

"పేజీ నిండా. గుంట రాత కాదు అది. ఆవిడదే. ముందర బాగా మొదలెట్టినాది, కిందకి వచ్చీసరికి సెయ్యి తిరగనట్టున్నాది, అచ్చరాలు పెద్దవైపోయి జారిపోనాయి."

"ఎన్ని వరసలు?"

"వరసలు లెక్కెట్టనేదురా నాయినా."

"పైన పేరేమైనా ఉందా? మొదట్లో, విడిగా, ఒక్క మాట?"

"ఉన్నాది కాబోసు. పైన ఒక్క ముక్కే ఏదో ఉన్నాది. కింద గీటు గీసున్నాది. ఎందుకురా అంత తరిసి తరిసి అడుగుతావు?"

"రేపు పాప రాదప్పా."

"ఎక్కడికి?"

"ఎస్. కోటకి. ఇక్కడే ఉంటుంది."

"ఉండి?"

"ఉండి చదువుకుంటుంది. శనివారం శనివారం ఆట చూస్తుంది."

"ఎవులితో?"

"నాతో."

"నీతో! బంతి గుండ్రంగా ఉంటాదని తప్పితే నీకేటి తెలుసు? అది ఏదో అడుగుతాది. నువ్వు గోడకేసి సూస్తావు. మీ ఆవిడ పది నిమిసాల్లో దానికి పది కతలు సెప్పేది, ఈడు ఇలగొస్తాడు, ఆడు అలగెల్తాడు, ఈడికి కాల్నొప్పి, ఆడికి కోపమెక్కువ అని. ఆట సూడకపోయినా నాకే ఇనబుద్దయ్యేది. నువ్వేటి సెప్తావు? వైశాల్యం ఎంత, చుట్టుకొలత ఎంత?"

"నేర్చుకుంటాను."

"యాబై ఏల్లకి!"

"నలభై ఎనిమిది."

"మైదానంలో నలబై ఎనిమిదేల్లోడిని ఒక్కడిని సూపించు."

"నాన్నా! గోలు! గోలు గోలు గో... అయ్యో. లేదు. జెండా ఎత్తేశాడు. నాన్నా, పరిగెత్తుకు రా! మళ్ళీ చూపిస్తున్నాడు. గీత దాటేశాడంట. ఇది ఆఫ్‌సైడేనా? నాకైతే కాదనిపిస్తంది. నువ్వు చూసి చెప్పు."

"వస్తున్నానమ్మా."

"పుస్తకం దొరక్కపోయినా పరవాలేదులే నాన్నా. అమ్మ చెప్పింది. అది నువ్వు చదివేసేదాకే కావాలంట. చదివేశాక నీకు అన్నీ వచ్చేస్తాయంట. ఆఫ్‌సైడ్ కూడా. అది కష్టమని నీకోసం రెండుసార్లు రాసింది. ఉన్నావా నాన్నా?"

"ఉన్నానమ్మా. నువ్వు చూడు."

"ఒరే."

"ఊఁ."

"ఏటంతన్నాది గుంట? ఆ పుస్తకం... నీకా?"

"నాకే."

"నీకు ఇచ్చినాదా?"

"రెండు నెలల పైమాటే, ఆసుపత్రిలో ఇచ్చింది. మెషీన్ మీద ఉంది అప్పుడు, ఒక చెయ్యి కదపకూడదు. రెండో చేత్తో తలగడ కిందనుంచి తీసి ఇచ్చింది. నేను పక్కన కూర్చుని అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుతున్నాను."

"ఏటన్నావు?"

"అక్కడ పెట్టు, చూస్తాను అన్నాను."

"ఓలమ్మో. నాను... నాకు తెలీదురా బాబూ. నాకు అచ్చరం ముక్క రాదు. నీ బొమ్మ సూసి బెంగెట్టుకోని..."

"నీ తప్పు కాదు."

"తప్పే. అమ్మతోడు తప్పే. పొద్దున్నే మడపాం ఎల్దాం. సేపలోల్లని అడుగుదాం, వల ఏస్తారు."

"రెండు రోజులైందప్పా. కాగితం."

"మరెలగ? ఆగు, ఆగు. పుస్తకం పోతే పోనాది. మేస్టారివి నువ్వు. సిన్నప్పుడు ఒకపాలి సదివితే నీకు నోటికొచ్చీసేది, ఊరంతా సెప్పుకునీవోరు. ఆవిడ ఇచ్చి రెండు నెలలు దాటినాది. సదివినదంతా నీ బుర్రలోనే ఉంటాది గదా? ఎల్లు, గుంట పిలుస్తంది. ఎల్లి ఆవిడ ఏటి రాసినాదో దానికి సెప్పు."

"లేదప్పా."

"ఏటి నేదు?"

"నేను అందులో ఒక్క పేజీ కూడా చదవలేదు."